పాటు లెక్క

అమావాస్య వెళ్ళిన రెండో నాటి పాటు.
అప్పడగడానికొచ్చి
అడగలేక లేచిపోయే చుట్టంలా
నీళ్ళు చప్పుడు లేకుండా వెనక్కి జరుగుతున్నాయి.

ముందు బయటపడేవి మడ ఊపిరి వేళ్ళు,
బురదలోంచి తలకిందులుగా దిగ్గొట్టిన మేకుల్లా.
తర్వాత బురద.
బురద మీద గెంతే చేపలు,
చేపలో కప్పలో వాటికే తెలీదు.
ఒంటి చెయ్యి ఎర్రగా ఊపే పీతలు
రమ్మంటున్నాయో పొమ్మంటున్నాయో.

నేను సంగాడి అప్పలకొండని.
మడ కర్ర కొట్టి అమ్మినవాడి కొడుకుని.
ఇప్పుడు అదే మడకి కాపలా, నెల జీతం,
మూడు నెలలకోసారి వస్తుంది.

తిల్ల చెట్టు పాలు పడి
మా నాన్నకి ఒక కన్ను పోయింది.
రెండో కంటితో ఇంకా పదేళ్ళు కొట్టాడు.
తొంభై ఆరులో గాలొచ్చిన రాత్రి
ఏటి ముఖాన ఉన్న మడ వరస మొత్తం వంగిపోయి
మా పాకల్ని వదిలేసింది.
తెల్లారి కత్తి కడిగి చూరులో దోపాడు.
ఎందుకని మేం అడగలేదు.
ఆయనా చెప్పలేదు.

నావలో నస్రీన్ మేడమ్,
ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బా, అందులో కెమెరా కార్డులు.
"ఇక్కడ రేవుండేదట కదా" అంది.
ఉండేది. ఎక్కడని చూపించను?
నేను గెడ వేసే చోట ఓడలు నిలబడేవట.
ఒక ఉప్పెన వచ్చి ఊరుని తీసుకెళ్ళిందట,
మిగిలినవాళ్ళు మళ్ళీ కట్టుకుంటే
ఇంకో ఉప్పెన వచ్చి
ఓడల్ని ఎత్తి వరిచేలో పెట్టిందట.
ఆ తర్వాత గోదారి తొందరపడలేదు.
ఏటేటా కాస్త ఒండ్రు తెచ్చి
రేవు నోట్లో పోసింది,
ముసలాయనకి గంజి పోసినట్టు.

మా తాత తల్లి చంద్రమ్మ రంగం పోయింది.
ఇక్కడే ఓడెక్కిందంటుంది మా అమ్మ.
కాదు, కాకినాడలో అంటాడు మా మావ.
ఇద్దరూ చూసినవాళ్ళు కారు.
అక్కడ మనవాళ్ళెవరు కనబడినా
కోరంగీ అని పిలిచేవారట,
విశాఖ మనిషినైనా, గంజాం మనిషినైనా.
ఊరేమో మట్టిలో దిగిపోయింది,
పేరు మాత్రం తిట్టయి సముద్రం దాటింది.

నీటికుక్కలు ఐదు, ఒడ్డు దిగి
ఒకదాని వెనక ఒకటి ఈదుతున్నాయి.
మొన్న మా బావమరిది వల కొరికినవి ఇవేనేమో.
మేడమ్ రాసుకుంది: ఐదు.
వల సంగతి రాసుకోలేదు.
ఉల్లంకిపిట్టలు ఎన్నో లెక్కపెట్టేలోగా
గుంపు మొత్తం గాల్లో ఒక్కసారి తిరగేసుకుని
ఇంకోచోట వాలింది.
"రెండొందలు వేద్దామా" అంది నన్ను.
వేసేయండి అన్నాను.

నాలుగో కెమెరా.
రాత్రి రెండూ పద్నాలుగు నిమిషాలు.
బావురుపిల్లి.
పొట్టి తోక, తడిసిన ముంగాళ్ళు,
నీళ్ళలోకి అలా చూస్తూ కూర్చుంది
చేప బాకీ ఉన్నట్టు.
ఒంటి మీద మచ్చల వరసే దాని వేలిముద్ర అట.
కొత్తది కాదు, పోయినేడు కూడా వచ్చిందే.

నేను చూస్తున్నది పిల్లిని కాదు.
అది కూర్చున్న ఎత్తు.
పాచి కింద మూల తేలిన గోడ,
మన కొలత కాని పాత ఇటుక.
పన్ను కట్టించుకున్న గదో,
రంగం పోయేవాళ్ళని తలలు లెక్కపెట్టిన అరుగో.
చంద్రమ్మ మూట అక్కడే దించిందేమో.
అక్కడ కాకపోనూవచ్చు.

మేడమ్ కాగితంలో గళ్ళున్నాయి:
జంతువు, సంఖ్య, సమయం, చెట్టు.
ఇటుకకి గడి లేదు.
పక్కన ఖాళీలో పెన్సిలుతో ఏదో రాసి
కొట్టేసి
మళ్ళీ రాసింది.

తర్వాతి ఫోటో మూడూ నలభై.
పోటెక్కేసింది. గోడ లేదు,
పిల్లి ఎటు పోయిందో తెలీదు,
ఫ్లాషు పడి మెరిసిన నీళ్ళు మాత్రం ఉన్నాయి.

కార్డు మార్చి తాడు బిగించాను.
నావ అడుగున మళ్ళీ తడి.
గెడ పక్కన పెట్టి
కొబ్బరి చిప్పతో తోడుతున్నాను.
"అది మళ్ళీ ఇక్కడికే వస్తుందంటావా?" అంది మేడమ్.
నీళ్ళు తిరిగే వేళయింది,
ముందు ఈ పాయ దాటాలి.